పదో ఆట ఎక్కడ ఆడాలి? సరిహద్దు తెలుగు యువ సంగీత నాటకకర్తల దారి

క్లుప్తంగా: మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చుకుంటూ పెరిగిన యువతకు సంగీత నాటకం రాసి ఆడించడం బతుకుతెరువు అవుతుందా అన్నది ప్రశ్న. ఈ రంగంలో ఎవరైనా నిలదొక్కుకోవాలంటే మొదటి ప్రదర్శన సరిపోదు, అదే నాటకం మళ్లీ మళ్లీ ఆడాలి. అలా ఆడించే టిక్కెట్టు వ్యవస్థ ఈ జిల్లాల్లోనే ఉంది, కానీ అది మరాఠీలో నడుస్తుంది. తెలుగు పాట దానిలోకి వెళ్లడానికి అడ్డుపడుతున్నవి దూరం, లిపి, కాగితం మీద లేని ఒప్పందాలు. ప్రతిభ కొరత ఇందులో చిన్న భాగమే.

సిరొంచ నుంచి రెండు దిక్కులు

గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస సిరొంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. నది దాటితే కాళేశ్వరం, అంటే తెలంగాణ. గత దశాబ్దంలో గోదావరి మీద వంతెన వచ్చాక ఈ దాటడం నిమిషాల పనైంది. జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే మాత్రం ఆలపల్లి అడవి మీదుగా రెండు వందల కిలోమీటర్ల దారి. జిల్లాకు ఉత్తరపు కొసన, ఇంకో యాభై కిలోమీటర్లు పైన, వడసా ఉంది. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు దేశాయిగంజ్. సిరొంచలో పెళ్లి పాటలు తెలుగు, బతుకమ్మ తెలుగు, అంగట్లో బేరం సగం తెలుగు. బడి మరాఠీ. 2020 చట్టం వచ్చాక రాష్ట్రంలో ఏ మాధ్యమంలో చదివినా ఒకటి నుంచి పదో తరగతి దాకా మరాఠీ తప్పనిసరి.

ఈ రెండు దిక్కుల మధ్య పెరిగిన పాతికేళ్ల యువతీ యువకులకు కీబోర్డు వచ్చు, పాట కట్టడం వచ్చు, గణపతి మండపంలో పదిమందిని నిలబెట్టి ఒక కథ ఆడించడమూ వచ్చు అనుకుందాం. తర్వాత ఏం చేయాలి? సలహా అడిగితే ఒకరు హైదరాబాద్ పొమ్మంటారు, ఒకరు పుణె అంటారు, ఇంకొకరు ఇదంతా మానేసి యూట్యూబ్‌లో పాటలు పెట్టుకోమంటారు. ఈ సలహాలన్నిటి వెనుక ఉన్న గందరగోళం ఒకటే. సంగీత నాటకకర్త కెరీర్ ఎలా నిలబడుతుందో ఎవరూ విడమరిచి చెప్పరు.

మొదటి ఆట ఖర్చు, పదో ఆట రాబడి

మాటల నాటకానికి నలుగురు నటులు, ఒక గది చాలు. పాటల నాటకం అలా కాదు. పాడగలిగే నటులు కావాలి. హార్మోనియమో కీబోర్డో, తబలా, తాళం కావాలి. పాటకు ముందు మాట ఎక్కడ ఆగాలి, వాద్యం ఎక్కడ అందుకోవాలి అన్నది కుదరడానికి వారాల రిహార్సల్ కావాలి. ఈ ఖర్చంతా మొదటి ఆటకు ముందే అయిపోతుంది. రాబడి తర్వాతి ఆటల్లో వస్తుంది. ఒక్కసారి ఆడి ఆపేస్తే ఎంత గొప్ప సంగీత నాటకమైనా నష్టమే. పది, యాభై ఆటలు ఆడితే సాధారణ నాటకం కూడా బృందాన్ని పోషిస్తుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఇదే లెక్క. రాసేవారు తమ తప్పును తెలుసుకునేది ప్రేక్షకుల ముందే. ఏ పాట దగ్గర జనం లేచి టీ తాగడానికి పోయారో, ఏ పాట మళ్లీ పాడమన్నారో కాగితం మీద కనపడదు. రెండో ఆటకు ఒక చరణం తీసేస్తారు, ఐదో ఆటకు పాటనే వేరే రంగంలోకి జరుపుతారు. నాటకం రాయడం అంటే చాలావరకు ఈ జరపడమే.

న్యూయార్క్‌లో జొనాథన్ లార్సన్ అనే యువ రచయిత, స్వరకర్త దాదాపు పదేళ్లు ఒక హోటల్లో సర్వర్‌గా పని చేస్తూ సంగీత నాటకాలు రాశాడు. ఆయన రాసిన 'రెంట్'ను ఒక చిన్న నాటకశాల 1993లో చదివించి చూసింది, 1994లో సాదాసీదా రంగసజ్జతో కొన్ని రోజులు ఆడించి చూసింది, ఆ తర్వాత తిరగరాయించింది. 1996 జనవరిలో మొదటి ప్రివ్యూ జరగాల్సిన రోజు తెల్లవారుజామున ఆయన 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ నాటకం బ్రాడ్వేలో 12 ఏళ్లలో 5,123 ఆటలు ఆడింది. ఇక్కడ గమనించాల్సింది విజయాన్ని కాదు. పూర్తిగా తయారు కాని నాటకాన్ని కొద్దిమంది ముందు ఆడించి, సరిదిద్దుకునే అవకాశం ఇచ్చే అంచె ఒకటి అక్కడుంది. గోదావరి ఒడ్డున ఆ అంచె పని ఎవరు చేస్తున్నారు అన్నదే అసలు విషయం.

వడసా సీజన్

జవాబు చాలామంది తెలుగువారికి తెలియనంత దగ్గర్లో ఉంది. తూర్పు విదర్భలోని భండారా, గోందియా, చంద్రపూర్, గడ్చిరోలి ప్రాంతాన్ని ఝాడీపట్టి అంటారు. ఝాడీ అంటే చెట్లు, అడవి. శతాబ్దానికి పైగా ఇక్కడ పల్లెల్లో మరాఠీ నాటకం టిక్కెట్టు మీద నడుస్తోంది. ప్రభుత్వ గ్రాంటుతో కాదు, నగర ప్రేక్షకులతో కాదు. వరి కోసిన రైతులు డబ్బిచ్చి కొనుక్కుని చూస్తారు.

వడసాలో పదుల సంఖ్యలో నాటక కంపెనీలు ఆఫీసులు తెరుచుకుని ఉంటాయి. ఊళ్ల నుంచి మండలాల వాళ్లు, అంటే నాటకం ఆడించే ఊరి సంఘాల వాళ్లు వచ్చి, పోస్టర్లు చూసి, తారీఖు మాట్లాడుకుని బయానా ఇచ్చి పోతారు. దీపావళికి మొదలై హోలీ దాటేదాకా సీజన్, అంటే దాదాపు నాలుగున్నర నెలలు. ఊరి బయట కోసిన మడిలో గుడ్డ గోడలతో ఆవరణ కడతారు. పగలు శంకర్‌పట్ ఎడ్ల పందెం, రాత్రి నాటకం. పొరుగూళ్ల చుట్టాలు దిగుతారు, పెళ్లి సంబంధాలు కూడా ఆ రెండు రోజుల్లోనే కుదురుతాయి. రాత్రి పది గంటల తర్వాత మొదలైన నాటకం తెల్లవారేదాకా సాగుతుంది. చలికి దుప్పట్లు కప్పుకున్న జనం ముందు ఆర్గన్, తబలా, ఆక్టోపాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ మోగుతుంటే నటులు తామే పాడతారు. చాలా చోట్ల మిగిలిన డబ్బు గుడికో ఊరి పనికో పోతుంది.

ఈ రంగంలో ఒక జీవితం ఎంత పొడవు సాగగలదో చెప్పడానికి గడ్చిరోలి జిల్లా నటుడు పరశురామ్ ఖుణే చాలు. ఐదు వేలకు పైగా ప్రదర్శనలు, సుమారు 800 పాత్రలు. 2023లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు నేలలో ఇంత లెక్క చూపగల పల్లె నటులు కొద్దిమందే ఉంటారు.

ఈ సీజన్ పంట మీద, పండగ మీద ఆధారపడినది కాబట్టి వాటికి దెబ్బ తగిలితే దీనికీ తగులుతుంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు ఎడ్ల పందేలనూ ఆపేసినప్పుడు శంకర్‌పట్ ఆగింది. పగటి జాతర లేకపోతే రాత్రికి బయటి ఊళ్ల జనం తగ్గుతారు. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్రాల కొత్త చట్టాలను సమర్థించాక పందేలకు గట్టి అనుమతి దొరికింది. నాటక రచయిత కెరీర్ ఎద్దుల పందెం మీద ఆధారపడటం వింతగా అనిపించవచ్చు. కానీ పల్లెలో ప్రేక్షకులు కూడేది నాటకం ఒక్కదాని కోసం కాదు, రావడానికి ఇంకో కారణం కూడా ఉండాలి.

ఇక రచయిత సంగతి. ఊరికి ప్రతి ఏడూ కొత్త నాటకం కావాలి. కాబట్టి కంపెనీలకు ప్రతి సీజన్‌కూ కొత్త స్క్రిప్టులు కావాలి. రాసేవారికి గిరాకీ ఉండే పల్లె రంగస్థలం మన దేశంలో అరుదు. అయితే ఆ నాటకం ఆయుష్షు చాలావరకు ఒక్క సీజనే. ఒకే చలికాలంలో ముప్ఫై, నలభై రాత్రులు ఆడి, మరుసటి ఏడాదికి పాతదైపోతుంది. మండలం తారీఖు కొనేటప్పుడు చూసేది కంపెనీ పేరు, నటుల పేర్లు, ఇంటిల్లిపాదినీ ఏడిపించే నాటకం పేరు. ఈ మధ్య టీవీ నటుల పేర్లూ వాటికి తోడయ్యాయి. రచయిత పేరు చూసి బయానా ఇచ్చే ఊరు తక్కువ.

దక్షిణ గడ్చిరోలి, అంటే ఆలపల్లి నుంచి సిరొంచ దాకా, ఈ వ్యవస్థ అంచున ఉంది. అడవి దారులు, రాత్రి ప్రయాణానికి జనం వెనకాడిన దశాబ్దాలు, వరి తగ్గి పత్తి, మిర్చి పెరిగిన సాగు, అన్నీ కలిసి వడసా తరహా సీజన్‌ను ఇక్కడ పలచబరిచాయి. మిర్చి ఏరే రోజుల్లో ఈ జిల్లా కూలీలు తెలంగాణ చేలల్లో ఉంటారు. నాటకం చూడాల్సిన జనం ఆ నెలల్లో ఊళ్లో ఉండరు.

త్యాగం, పద్యం, పరిషత్తు

నదికి అవతల తెలుగు నాటకానికి పదో ఆట ఒకప్పుడు వేరే పద్ధతిలో దొరికేది. తెలంగాణ పల్లెల్లో చిందు యక్షగాన బృందాలకు వంతు ఊళ్లుండేవి. ఫలానా ఊరిలో ఫలానా కుటుంబానికే ఆట హక్కు. ఆడినందుకు ఊరి మాదిగ కుటుంబాలు ఇచ్చేది త్యాగం. అడిగి తెచ్చుకునేది కాదు, హక్కుగా తీసుకునేది. అలా ప్రేక్షకులు వారసత్వంగా వచ్చేవారు. ఎక్కడ ఆడాలి అన్న టెన్షన్ లేదు. కానీ ఆ హక్కు పుట్టుకతో వచ్చేది, బయటివారు లోపలికి పోవడానికి దారి లేదు. రచయితకు వేరే వాటా అంటూ ఉండదు. పాఠం తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి పోతుంది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ కళ వార్తల్లోకి వచ్చింది. వంతు ఊళ్ల వ్యవస్థ మాత్రం అప్పటికే చాలావరకు సడలిపోయింది.

పద్య నాటకానిది ఇంకో కథ. దానికీ మరాఠీ గాలి తగలకపోలేదు. 1880లో ధార్వాడ నాటక సమాజం ఆంధ్ర పట్టణాల్లో ఆడి పోయింది. అదే ఏడాది రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం నాటక ప్రదర్శన మొదలుపెట్టారు. పుణెలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ సంగీత శాకుంతలం ఆడించిందీ అదే సంవత్సరం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజం పుట్టింది. ఒకే తరంలో రెండు భాషల్లోనూ హార్మోనియం రంగస్థలం ఎక్కింది.

ఆ తర్వాత దారులు చీలాయి. తెలుగు పద్య నాటకం వందేళ్ల కిందటి పాఠాలనే ఇప్పటికీ మళ్లీ మళ్లీ ఆడుతుంది. ఝాడీపట్టి ఈ ఏడాది రాసినదాన్ని ఈ ఏడాదే ఆడి వదిలేస్తుంది. ఒకచోట నాటకానికి ఆయుష్షు ఉంది, కానీ దాని రచయిత ఎప్పుడో కాలం చేశారు. ఇంకోచోట రచయిత బతికి ఉన్నారు, నాటకానికే ఆయుష్షు లేదు. యువ రచయితకు కావాల్సింది ఈ రెంటి మధ్యలో ఉంది. అది తెలుగులో గానీ ఈ సరిహద్దు మరాఠీలో గానీ ఇంకా స్థిరపడలేదు.

తెలుగు రాష్ట్రాల్లో కొత్త రచనకు ఉన్న ప్రధాన వేదిక పరిషత్తు పోటీలు. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళా పరిషత్తు నుంచి ఈ సంప్రదాయం గట్టిగా సాగుతోంది. 1998 నుంచి నంది నాటకోత్సవాలు దానికి తోడయ్యాయి. పోటీలో గంట నాటిక గెలిచే అవకాశం ఎక్కువ. వాద్యాలతో, పాటలతో పదిహేను మందిని బస్సెక్కించి తీసుకెళ్లేవారికి ఖర్చు గుర్తుకొస్తుంది, బహుమతి గుర్తుకు రాదు. పైగా పోటీ అంటే ఒక్క ఆట. పది పరిషత్తుల్లో ఆడినా చూసేది దాదాపు అదే న్యాయనిర్ణేతలు, అదే నాటకాభిమానులు.

మహారాష్ట్ర వైపు 1954 నుంచి సాగుతున్న రాజ్య నాట్య పోటీల్లో మరాఠీ, హిందీ, సంస్కృత నాటకాలకు, ప్రత్యేకంగా సంగీత నాటకానికి విభాగాలున్నాయి. తెలుగుకు లేదు. సరిహద్దు తెలుగు రచయితలు తెలంగాణ పోటీకి పోతే మహారాష్ట్రవాళ్లు, మహారాష్ట్ర పోటీకి పోతే తెలుగువాళ్లు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, రెండు ప్రభుత్వాల్లో ఎవరో ఒకరు నిబంధనల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు.

మెడ, మేడ

ఇప్పుడు నోట్‌బుక్ దగ్గరికి వద్దాం. మరాఠీ మాధ్యమంలో చదివినవారు తెలుగు పాట రాసుకునేది ఎక్కువగా నాగరి అక్షరాల్లోనే. మాట తెలుగు, లిపి బాలబోధ, అంటే మరాఠీ రాసే నాగరి. చాలావరకు ఇబ్బంది లేదు. మరాఠీలో ళ ఉంది. మరాఠీ చకారానికి రెండు పలుకుబళ్లు కూడా ఉన్నాయి కాబట్టి 'చుక్క'లోని దంత్య చకారం కూడా బాగానే పలుకుతుంది. హిందీ లిపి అలవాటు కంటే మరాఠీ అలవాటు తెలుగుకు దగ్గర.

చిక్కు వచ్చేది రెండు అచ్చుల దగ్గర. మరాఠీ రాతలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లేవు. మెడ అని రాసినా మేడ అని రాసినా ఒకే అక్షరాలు పడతాయి. కొన, కోన కూడా అంతే. మాట్లాడేటప్పుడు సందర్భం చూసి సర్దుకోవచ్చు. పాటలో కుదరదు. మెడకు రెండు మాత్రలు, మేడకు మూడు. ఏడు మాత్రల త్రిపుటలో సాగే దరువులో ఒక్క మాత్ర పెరిగితే తబలా ఒకచోట, గొంతు ఒకచోట పడతాయి. రాసినవారే పాడుకుంటే తెలియదు, చెవిలో ఉన్నది పాడేస్తారు. ఆ నోట్‌బుక్ చంద్రపూర్ నుంచి వచ్చిన ఇంకో గాయకుడి చేతిలో పెట్టినప్పుడు తెలుస్తుంది. మొదటి రిహార్సల్ సగం రోజు ఇక్కడే పోతుంది, ఎవరికి తాళజ్ఞానం లేదన్న వాదనతో. నిజానికి తప్పు ఎవరిదీ కాదు, రాతలో ఆ తేడా కనిపించదు, అంతే.

ఇది చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ కెరీర్ మీద దీని ప్రభావం పెద్దది. రచయిత లేకుండా నాటకం ఆడగలిగినప్పుడే అది పదో ఊరికి పోతుంది. కాగితం చూసి ఇంకొకరు సరిగ్గా పాడలేకపోతే ప్రతి ఊరికీ రాసినవారే పోవాలి. అంటే ఒక సమయంలో ఒక్క బృందమే. నాగరిలో హ్రస్వ ఎ, ఒ కోసం ప్రత్యేక గుర్తులు ఉన్నాయి. దక్షిణాది భాషలను ఆ లిపిలో రాయడానికే పెట్టారు, ఫోన్‌లో యూనికోడ్‌లోనూ దొరుకుతాయి. బడిలో నేర్పరు కాబట్టి ఎవరూ వాడరు. లేదా తెలుగు లిపే నేర్చుకోవాలి. మాట వచ్చినవారికి అక్షరాలు నేర్వడం కొన్ని వారాల పని. పాట ఫోన్‌లో రికార్డు చేసి పంపడం మూడో దారి, ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నదీ అదే. రికార్డింగ్ రాగాన్ని, తాళాన్ని చేరుస్తుంది. రంగం ఎలా నడవాలో, పాట ముందు ఎవరు ఎక్కడ నిలబడాలో చేర్చదు.

సంతకం లేని అమ్మకం

ఆటకింత అని కాకుండా స్క్రిప్టు మొత్తాన్ని ఒకేసారి అమ్మేయడం పల్లె రంగస్థలంలో మామూలే. నోటిమాట మీద డబ్బు చేతులు మారుతుంది. ఇక్కడ చట్టం ఏం చెబుతుందో యువ రచయితలకు తెలిసి ఉండటం అవసరం. ఎందుకంటే అది వాళ్లకే అనుకూలంగా ఉంది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కును రాసి ఇవ్వాలంటే అది రాతపూర్వకంగా, రచయిత సంతకంతో ఉండాలి. నోటిమాట అమ్మకం చెల్లదు. రాసిచ్చిన కాగితంలో ఎంతకాలం అన్నది లేకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఆ తర్వాత హక్కు తిరిగి రచయితదే. నాటకం, పాట మాటలు, పాట బాణీ మూడూ వేర్వేరు రచనలు. మూడూ ఒకరే చేసినా కాగితం మీద విడిగా చూపవచ్చు. నాటకం కంపెనీకి ఇచ్చి పాటల రికార్డింగ్ హక్కు తన దగ్గరే ఉంచుకోవచ్చు. రక్షణ రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు.

రెండు మెలికలున్నాయి. మొదటిది, నాటకంగా రక్షణ దొరకాలంటే దాని రంగ నిర్వహణో అభినయమో రాతలోనో ఇంకో రూపంలోనో స్థిరపడి ఉండాలి. నోటి పాఠంగా మాత్రమే ఉన్న యక్షగానానికి ఇది ఇబ్బంది, అయితే ఫోన్ రికార్డింగ్ కూడా స్థిరపరచడమే. రెండోది, అమెచ్యూర్ సంఘాలు టిక్కెట్టు లేకుండా ఆడితే, లేదా మత సంస్థ సాయం కోసం ఆడితే రచయిత అనుమతి అక్కర్లేదు. గుడి కోసం ఊరి కుర్రాళ్లు ఆడుకుంటే అడగలేం. డబ్బు తీసుకుని ఆడే కంపెనీకి ఈ మినహాయింపు వర్తించదు.

దర్శకుడి పరిస్థితి బలహీనం. చట్టంలో నాటక దర్శకుడికి రచయిత హోదా లేదు. ఎంత అందంగా నడిపించినా ఆ నడిపింపును ఇంకొకరు అనుకరిస్తే అడ్డుకోవడం కష్టం. రాసి, దర్శకత్వం వహించేవారు తమ రంగసూచనలను స్క్రిప్టులోనే వివరంగా రాసుకోవడం అందుకే మేలు. అప్పుడవి రచనలో భాగమవుతాయి.

మహారాష్ట్రలో ఇంకో కాగితం కూడా ఉంది. బహిరంగంగా ఆడే నాటకం స్క్రిప్టును రాష్ట్ర రంగభూమి ప్రయోగ పరినిరీక్షణ మండలి ముందుగా చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఈ ముందస్తు పరిశీలనను ప్రశ్నిస్తూ నటుడు, దర్శకుడు అమోల్ పాలేకర్ 2016లో బాంబే హైకోర్టుకు వెళ్లారు. భావప్రకటన దృష్టితో చూస్తే ఆ ప్రశ్న న్యాయమైనదే. రోజువారీ పని దృష్టితో చూస్తే, రాసిన స్క్రిప్టు లేనివారు ఈ గేటు దగ్గరే ఆగిపోతారు. ఆటలో అప్పటికప్పుడు మాట పుట్టించే యక్షగాన పద్ధతికి ఇది ఏమాత్రం సరిపడదు. అయితే మండలి దగ్గర తేదీతో ఉండే స్క్రిప్టు ప్రతి, రేపు ఎవరు రాశారన్న గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది.

చదువు, స్కాలర్‌షిప్, యూట్యూబ్ పాట

శిక్షణకు చోట్లున్నాయి. ఢిల్లీలో 1959లో మొదలైన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం, ముంబై విశ్వవిద్యాలయ నాటక విభాగం. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం సిరొంచకు వీటన్నిటికంటే దగ్గర. 2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయం గడ్చిరోలిలోనే ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. సంగీత నాటక అకాడమీ 2006 నుంచి 40 ఏళ్ల లోపువారికి ఇస్తున్న ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం విలువ 25,000. ఇవి మనిషిని కొంతకాలం నిలబెడతాయి, నాటకాన్ని పదో ఊరికి తీసుకెళ్లవు.

వీటన్నిటికంటే బలంగా లాగేది తెలంగాణ జానపద పాటల యూట్యూబ్. ఐదు నిమిషాల పాట, రెండు రోజుల షూటింగ్, వెంటనే పేరు. పాట కట్టగలిగినవారికి అక్కడ గిరాకీ ఉంది, నది దాటితే చాలు. తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కానీ యూట్యూబ్ పాట దానంతట అది నిలబడాలి, నాటకం పాట ముందు రంగం నుంచి పుట్టి తర్వాతి రంగాన్ని మోయాలి. మొదటిదానికి అలవాటు పడిన చెయ్యి రెండోదానికి తిరిగి రావడం కష్టం. పదేళ్లు ఇలాగే సాగితే పాటకట్టేవారు అటు, నటులు మరాఠీ కంపెనీలకు ఇటు పోతారు. తెలుగు సంగీత నాటకం ఇక్కడ పెద్దవాళ్ల జ్ఞాపకంగా మిగులుతుంది.

రెండు భాషల నాటకం

దీనికి విరుగుడు ఈ నేలకు కొత్తది కాదు. తంజావూరును ఏలిన మరాఠా రాజు శాహజీ, 1684 నుంచి 1712 దాకా పాలించినవాడు, తెలుగులో యక్షగానాలు రాశాడు, మరాఠీలో నాటకాలూ రాశాడు. పంచభాషా విలాసం అని ఐదు భాషల నాటకమే ఒకటి ఆయన పేరిట ఉంది. ఆ ఆస్థానంలో పాట ఒక భాష, మాట ఒక భాష అవడం ఎవరికీ వింత కాలేదు.

ఒడిశా సరిహద్దులోనూ ఇలాంటిదే జరిగింది. గంజాం జిల్లా ప్రహ్లాద నాటకం ఒడియా నాటకమే, కానీ దాని రాగతాళాల్లో, నడకలో మన యక్షగానం, భాగవత మేళం వినిపిస్తాయి. మెట్లమెట్లుగా కట్టిన వేదిక మీద రాజు దిగుతూ ఎక్కుతూ ఉంటే కింద గాహకుడు పాట నడుపుతాడు. భాష ఒడియా అయినా ఆ నడక రెండు వైపులా అర్థమవుతుంది. ఆ నాటకం ఇప్పటికీ ఊరూరా ఆడుతోంది. దాన్ని కాపాడింది పురస్కారాలు కాదు, తమ ఊరి బృందమే పొరుగూరి బృందం కంటే బాగా ఆడాలన్న పట్టుదల.

గడ్చిరోలి, చంద్రపూర్‌లలో మాటలు మరాఠీలో, ముఖ్యమైన పాటలు తెలుగులో ఉన్న నాటకానికి ప్రేక్షకులున్నారు. బల్లార్‌పూర్ బొగ్గు గనుల వాడల్లో, రాజురాలో, ఆలపల్లి నుంచి సిరొంచ దాకా రెండూ అర్థమయ్యేవారే ఎక్కువ. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నదే. కంపెనీలకు దీనివల్ల కొత్త ఊళ్లు దొరుకుతాయి. రచయితకు దొరికేది అంతకంటే పెద్దది. ఆ నాటకాన్ని కంపెనీలోని ఇంకో రచయిత తేలిగ్గా అనుకరించలేడు, కాబట్టి బేరంలో చెయ్యి పైన ఉంటుంది. నష్టభయమూ ఉంది. ఉత్తర ఝాడీపట్టి ఊళ్లలో తెలుగు పాట వచ్చినప్పుడు జనం లేచిపోవచ్చు. అది ముందుగా తేల్చి చెప్పగలవారు లేరు. పాట పల్లవి మరాఠీలో పెట్టి చరణాలు తెలుగులో ఉంచితే ఎలా ఉంటుంది, ఒకే బాణీని రెండు భాషల్లో కట్టి ఊరిని బట్టి మార్చితే ఎలా ఉంటుంది అన్నవి ఆడి చూడాల్సినవి.

ఆడి చూసే కాలం వానాకాలమే. వరినాట్లు అయ్యాక, దసరాకు ముందు, కంపెనీలు సీజన్ నాటకాలు తేల్చుకునే వారాల్లో సిరొంచ నుంచి వడసాకు రావడం కష్టం. వాగులు పొంగితే ఆలపల్లి దారి ఆగుతుంది. ఈ జిల్లాల్లో కొత్త సంగీత నాటకానికి ఎవరైనా సాయం చేయాలనుకుంటే సన్మాన సభ అక్కర్లేదు. ఆ రెండు నెలలు వడసాలోనో చంద్రపూర్‌లోనో పదిమందికి ఉండే చోటు, తాళం సరిచూసే ఒక తబలా, పూర్తి కాని నాటకాన్ని కూర్చుని చూసే యాభై మంది కావాలి. దీపావళి తర్వాత ఎన్ని ఊళ్లు బయానా ఇస్తాయన్నది అక్కడ తయారైనదాన్ని బట్టి ఉంటుంది.